గేటు మోగితే దొంగ దొరికినట్టేనా?

పండగ సీజను అయిపోయాక నాకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. దసరా ముందు "ఎంత స్టాకు దింపాలి, ఆఫర్ ఎంత పెట్టాలి" అని అడిగినవాళ్లే సంక్రాంతి దాటాక "పుస్తకంలో ఉన్న సరుకు ర్యాకులో లేదు, ఏం చేయమంటారు" అంటారు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం, బిల్లు కాని సరుకు దాటితే కూసేలా షాపు గుమ్మం దగ్గర నిలబెట్టే ఆ రెండు గేట్ల గురించే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను.

నన్ను కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. కాకినాడ నుంచి నరసాపురం దాకా బట్టల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో స్టాకు లెక్కలు చూడటం నా పని. గేట్లు, ట్యాగుల సంగతి వాటిని బిగించే మెకానిక్కుల పక్కన నిలబడి, వాళ్లను విసిగించి నేర్చుకున్నది. చట్టం గురించి రాసేది అవగాహన కోసమే. కేసు దాకా వెళ్తే వకీలు గారిని కలవండి.

ప్రశ్న: మేడమ్, అమలాపురంలో ఒక షాపులో మా అమ్మాయికి పట్టు లంగా కొన్నాం. బిల్లు కట్టి, గాజుల కోసం ఇంకో పెద్ద షాపులోకి అడుగు పెడుతుంటే గేటు కూసింది. అందరి ముందూ సంచి తీయించారు. మొదటి షాపు బిల్లు చూపించినా వినకుండా పక్క గదిలోకి పిలిచి నా హ్యాండ్‌బ్యాగు కూడా వెతికారు. మా ఊరివాళ్లు చూశారు. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. తప్పు ఎవరిది? అలా వెతికే హక్కు వాళ్లకుందా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, పొరపాటు మొదటి షాపు బిల్లింగ్ కౌంటర్‌ది. అవమానం మాత్రం రెండో షాపువాళ్లు చేసిందే. మీరు లోపలికి వెళ్తుంటే గేటు మోగింది. వాళ్ల సరుకు ఎత్తుకుపోయే మనిషి బయటికి వస్తుంది కదా! ఆ ఒక్క ముక్క వాచ్‌మన్‌కి తట్టినా ఈ గొడవ ఉండేది కాదు.

జరిగింది ఇదీ. మీరు కొన్న లంగాకి ఎక్కడో ఒక ట్యాగు అంటించి ఉంది. మన వైపు షాపుల్లో ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వేలి పొడవున్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో కదిలినట్టు సన్నగా చప్పుడవుతుంది. నేనొకసారి బ్లేడుతో కోసి చూశాను. లోపల వెండి కాగితంలా పల్చటి లోహపు రేకులు అంటించకుండా వదులుగా పడి ఉన్నాయి. వాటి కిందున్న పొరలో కాస్త మందంగా అయస్కాంతపు రేకు ఉంది. గేటు సెకనుకు 58 వేల సార్ల చొప్పున అయస్కాంత తరంగాన్ని చిన్న చిన్న విడతలుగా పంపుతుంది. ఆ రేకులు సరిగ్గా అదే లయకు కంపిస్తాయి. గేటు తన తరంగాన్ని ఆపేశాక కూడా, వంటింట్లో జారిపడ్డ ఇత్తడి పళ్లెం లాగా అవి ఇంకొక్క క్షణం మోగుతూనే ఉంటాయి. ఆ మోత గేటుకు వినబడితే అలారం కొడుతుంది. దీన్ని ఏఎమ్, అంటే అకౌస్టో మాగ్నెటిక్ అంటారు.

రెండోది చదరంగా ఉండే కాగితపు స్టిక్కరు. వెలుతురుకు పట్టి చూస్తే లోపల చుట్టలు చుట్టలుగా లోహపు గీత కనిపిస్తుంది. ఇది ఆర్ఎఫ్, అంటే రేడియో ఫ్రీక్వెన్సీ. సెకనుకు 82 లక్షల సార్ల దగ్గర పనిచేస్తుంది, అంటే 8.2 మెగాహెర్ట్జ్.

బిల్లు వేసేటప్పుడు కౌంటర్ మీదున్న ప్యాడ్‌కు తగిలేలా వస్తువును జరపాలి. ఏఎమ్ అయితే లోపలి రేకుకు అయస్కాంత గుణం పోయి లయ తప్పుతుంది. ఆర్ఎఫ్ అయితే అందులోని చిన్న కెపాసిటర్ దెబ్బతింటుంది. పండగ రద్దీలో బిల్లింగ్ పిల్ల నాలుగు బట్టలు ఒకేసారి ప్యాడ్ మీదుగా లాగేస్తే పైనున్న ఒకటో రెండో ప్రాణంతోనే సంచిలోకి వెళ్లిపోతాయి. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. రెండు షాపుల గేట్లూ ఒకే రకం కాబట్టి మోగింది. ఒకచోట ఏఎమ్, ఇంకోచోట ఆర్ఎఫ్ అయ్యుంటే మీరు హాయిగా గాజులు కొనుక్కుని వచ్చేవారు.

గేటుకు షాపు పేరు తెలియదు, ధర తెలియదు, మీరు డబ్బు కట్టారో లేదో అసలే తెలియదు. ప్రాణమున్న ట్యాగు ఒకటి దగ్గర్లో ఉంది, అంతవరకే దానికి తెలుసు. నేను శిక్షణకు వెళ్లిన ప్రతి షాపులో ఈ మాట చెబుతాను. తలూపుతారు. నెల తిరిగేసరికి కొత్త వాచ్‌మన్ వస్తాడు.

ఇక హక్కు సంగతి. షాపు సిబ్బంది పోలీసులు కారు. "ఒకసారి బిల్లు చూపిస్తారా" అని అడగొచ్చు. బలవంతంగా సంచి లాక్కోవడానికి, గదిలో కూర్చోబెట్టి వెతకడానికి వాళ్లకు అధికారం లేదు. నిజంగా దొంగతనం చేస్తుండగా కళ్లారా చూస్తే పోలీసుల్ని పిలవాలి. ఆధారం లేకుండా మనిషిని కదలనివ్వకుండా నిర్బంధిస్తే అది వాళ్ల మీదికే వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 126, 127 సెక్షన్లు అందుకే ఉన్నాయి. సీసీ కెమెరా బొమ్మ తీసి వాట్సాప్ గ్రూపులో "ఈమెతో జాగ్రత్త" అని పెట్టే షాపులు కూడా ఉన్నాయి. అది పరువు నష్టం కిందికి వస్తుంది.

రెండో షాపు యజమానికి తేదీ, సమయం వేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ సమయపు సీసీ కెమెరా రికార్డింగు దాచి ఉంచమని అందులోనే రాయండి. చాలా షాపుల్లో పాత రికార్డింగు కొన్ని వారాల్లో దానంతటదే చెరిగిపోతుంది, ఆలస్యం చేయకండి. లంగా నడుం పట్టీ దగ్గరో, ధర చీటీ లోపలో ట్యాగు దొరుకుతుంది. కత్తిరించి పారేయండి, లేకపోతే ఇంకో గుమ్మం దగ్గర ఇదే కథ.

ప్రశ్న: మాది అమలాపురంలో చీరల షాపు. బండారులంక నేత చీరలు, ఉప్పాడ జాందానీలు బాగా పోతాయి. గేటు బిగించినవాళ్లు ఇచ్చిన పిన్ను ట్యాగులు వాడుతుంటే పట్టు మీద చిల్లులు పడుతున్నాయి. ఒక చీరకైతే పిన్ను చుట్టూ తుప్పు మరక. పెళ్లివారు చూసి పక్కన పెట్టేశారు. ట్యాగు లేకపోతే దొంగలు, ఉంటే నష్టం. దారేది?
– ఒక వ్యాపారి, అమలాపురం

జవాబు: పిన్ను ట్యాగు, అంటే బట్టకు పిన్ను గుచ్చి బిగించే ప్లాస్టిక్ డబ్బా, జీన్స్ ప్యాంట్లకూ, చొక్కాలకూ పుట్టిన వస్తువండి. నూలు బట్టకైతే చిల్లు ఒక ఉతుకుకు పూడుకుపోతుంది. జాందానీ అలా కాదు. పల్చటి నేత మీద ఒక్కో బుటాకు విడిగా పోగు చేత్తో దూర్చి నేసిన గుడ్డ అది. పోగు పక్కకు జరిగితే జరిగినట్టే ఉండిపోతుంది. దానికి తోడు మీ కుర్రాళ్లు చీర విప్పి పరుపు మీద ఎగరేసి చూపిస్తారు కదా, చివర వేలాడే ఆ ప్లాస్టిక్ డబ్బా బరువంతా ఆ ఒక్క చిల్లు మీదే పడి లాగుతుంది.

పిన్ను ఎక్కడ గుచ్చాలో చెబుతాను. చీర ఒంటి మీద ఎక్కడా వద్దు. జాకెట్టు ముక్క ఉంటే దాని చిట్టచివరి మూల, అరంగుళం లోపు. దర్జీ ఎలాగూ ఆ అంచు కత్తిరిస్తాడు, లేదా మడిచి లోపలికి కుట్టేస్తాడు. జాకెట్టు ముక్క లేని చీరకు కొంగు చివర ముడివేయని పోగులు వదిలి ఉంటే, వాటి గుండా ట్యాగుతో వచ్చే సన్నటి తాడు దూర్చి బిగించండి. ఈ తాడు రకాన్ని ల్యాన్‌యార్డ్ అని అడగాలి, పిన్నులు ఇచ్చినవాళ్లే మార్చి ఇస్తారు. గమ్ము స్టిక్కర్లు మాత్రం పట్టు మీద అంటించకండి. మన ఉక్కపోతకు గమ్ము కరిగి పోగుల్లోకి దిగుతుంది. స్టిక్కరు వాడాలంటే మడత లోపల పెట్టే అట్టకు అంటించండి. అట్ట తీసేస్తే ట్యాగూ పోతుందనే మాట నిజమే, కానీ అట్ట తీసిన మడత కంటికి వెంటనే తేడాగా కనిపిస్తుంది.

తుప్పు మన గాలి తప్పు. సముద్రం పక్కనే, వానాకాలం నాలుగు నెలలూ గోడలు చెమర్చే ఊళ్లు మనవి. బిల్లింగ్ దగ్గర తీసిన పిన్నులన్నీ ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత పెట్టి, రేపు మళ్లీ అవే గుచ్చుతారు. ఆ డబ్బాను తెల్ల కాగితం మీద బోర్లించి చూడండి. ఎర్రటి పొడి రాలితే ఆ పిన్నులు చెత్తబుట్టకే. తెల్ల చీరలకూ, గంధం రంగు చీరలకూ కొత్త పిన్నులు విడిగా ఉంచండి.

జరీ గురించి కూడా చెప్పాలి. అసలు జరీలో లోహం ఉంటుంది. చదరపు ఆర్ఎఫ్ స్టిక్కరు లోహానికి ఆనుకుంటే దాని లయ పక్కకు జరిగి గేటుకు అందకపోవచ్చు. పెద్ద జరీ అంచున్న చీరను మడిచి, స్టిక్కరు పెట్టి, మీరే గేటు మధ్య నుంచి నడిచి చూసుకోండి. మోగకపోతే స్టిక్కరు చోటు మార్చి మళ్లీ నడవండి. ఈ పరీక్ష చేయకుండానే వెయ్యి స్టిక్కర్లు అంటించిన షాపు నాకు తెలుసు.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. ఖరీదైన చీర పోయేది గుమ్మం దగ్గర కాదు, పరుపు మీద. నలుగురు ఆడవాళ్లు కూర్చుంటారు, పాతిక చీరలు కుప్ప పడతాయి, ఒకరు మంచినీళ్లు అడుగుతారు, ఇంకొకరు "ఆ పైదాన్ని తీయండి" అంటారు. కుర్రాడు వీపు తిప్పుతాడు. ఒకసారికి పరుపు మీద ఇన్ని చీరలే అని హద్దు పెట్టి, చూడనివి వెంటనే మడిచి తీసేసే రెండో మనిషిని పెట్టండి. "కస్టమర్ నొచ్చుకుంటుందండీ" అని ప్రతి యజమానీ అంటాడు. ఆ రెండో మనిషి చేతికి కాఫీ ట్రే ఇచ్చి పంపండి, ఎవరూ నొచ్చుకోరు.

ప్రశ్న: పాలకొల్లులో మాకు చిన్న సూపర్‌మార్కెట్. కరెంటు పోయి జనరేటర్ మీద నడిచినప్పుడల్లా గేటు ఎవరూ లేకుండానే కూస్తోంది. సంక్రాంతి వారమంతా అయితే జనరేటర్ లేకపోయినా కూసింది. విసిగిపోయి ఆఫ్ చేసేశాం. కంపెనీ మనిషి వచ్చి చూసి "అంతా బాగానే ఉంది" అని వెళ్లిపోయాడు.
– ఒక యజమాని, పాలకొల్లు

జవాబు: ఆయన పగలు, కరెంటు ఉన్నప్పుడు వచ్చుంటాడు. బాగానే ఉంటుంది మరి.

ఏఎమ్ గేటు చాలా నెమ్మదైన చప్పుడు కోసం చెవి పెట్టుకుని వింటూ ఉంటుంది. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్లు, చౌక రకం అడాప్టర్లు కూడా ఆ దరిదాపుల్లోనే రొద పెడతాయి. పైగా ఈ గేట్లు తరంగం ఎప్పుడు పంపాలో, ఎప్పుడు ఆగి వినాలో కరెంటు లైను లయను బట్టే చూసుకుంటాయి. జనరేటర్ కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉండదు. ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా ఊగుతుంది. అందుకని గేటుకు విడిగా ఒక మంచి యూపీఎస్ పెట్టండి, ఎప్పుడూ బ్యాటరీ మీదుగానే కరెంటు ఇచ్చే 'ఆన్‌లైన్' రకం అయితే మేలు. ఆ లైనులో ఇంకేమీ తగిలించకండి, ఫోను ఛార్జర్ కూడా. ఎర్తింగ్ ఒకసారి చూపించండి. నీటి మట్టం పైనే ఉన్న మన నేలలో ఎర్తింగ్ దానంతటదే బాగుంటుందని ఎలక్ట్రీషియన్లు గొయ్యి కూడా సరిగా తీయరు.

సంక్రాంతి వారం సంగతి నేను ఇక్కడి నుంచే చెప్పగలను. గుమ్మానికి సీరియల్ లైట్లు కట్టారా? ఇంకో ఊళ్లో ఇదే గోల వస్తే మెకానిక్ గేటు విప్పబోయాడు. నేను ముందు ఆ లైట్ల ప్లగ్గు పీకమన్నాను. గేటు నోరు మూసుకుంది.

మీరూ అలాగే వెతకండి. రాత్రి షట్టరు వేశాక లోపల మీరొక్కరే ఉండి, గేటు ఆన్‌లో పెట్టి, మిగతావన్నీ ఆపేయండి. ఇక ఒక్కొక్కటే వేసుకుంటూ రండి, ముందు లైట్లు, తర్వాత ఫ్రిజ్‌లు, ఏసీ, బిల్లింగ్ మిషన్లు. ఏది వేసినప్పుడు కూసిందో అదే దొంగ. ఆర్ఎఫ్ గేటైతే ఇంకో రెండు చూడాలి. షట్టరు పూర్తిగా పైకి చుట్టకుండా సగంలో వేలాడుతోందా, గుమ్మం పక్కన వైరు చుట్ట ఏదైనా పడి ఉందా అని. చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరు ఆర్ఎఫ్ గేటుకు పెద్ద ట్యాగులా కనిపిస్తుంది. ఏ రకమైనా సరే, ట్యాగులున్న సరుకు ర్యాకు గేటుకు ఒకటిన్నర మీటరు లోపు ఉండకూడదు. పండగ ఆఫర్ సరుకంతా గుమ్మం దగ్గర గుట్ట పోయడం మనవాళ్లకు అలవాటు. అక్కడే గేటు పిచ్చెక్కుతుంది.

ఆఫ్ చేసి ఉంచడం మాత్రం వద్దు. గేటు పనిచేయడం లేదన్న సంగతి కస్టమర్ల కంటే ముందు మీ స్టాఫ్‌కి తెలుస్తుంది.

ప్రశ్న: అక్కా, భీమవరంలో ఒక బట్టల షోరూమ్‌లో పిల్లల సెక్షన్‌లో చేస్తున్నాను. గేటు పెట్టారు, కెమెరాలు పెట్టారు. అయినా స్టాకు లెక్కలో తక్కువొస్తే మా సెక్షన్ పిల్లలందరి జీతంలో సమానంగా కోసేస్తున్నారు. పోయిన నెల నాకు పద్దెనిమిది వందలు కోశారు. ఎవరు తీశారో, అసలు పోయిందో లేదో కూడా చెప్పరు. అడిగితే "ఇష్టం లేకపోతే మానేయ్" అంటారు. ఇంట్లో టెన్షన్ పడతారని చెప్పలేదు.
– ఒక చెల్లెలు, ఉండి

జవాబు: అమ్మా, ముందు ఇంట్లో చెప్పు. దొంగతనం చేసినట్టు నువ్వెందుకు దాచుకోవాలి?

జీతంలో కోత ఇష్టం వచ్చినట్టు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. సరుకు పోయిందని కోయాలంటే, ఆ సరుకును నీకు ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, కోసే ముందు నీ జవాబు వినాలి. "సెక్షన్‌లో తక్కువొచ్చింది, అందరూ పంచుకోండి" అన్నది ఇందులో దేనికీ ఆనదు. కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కదానివే వెళ్లడం కష్టం, కోత పడ్డ పిల్లలందరూ కలిసి సంతకాలు పెట్టండి. కోత వివరం ఉన్న జీతం చీటీ అడుగు. ఇవ్వకపోతే ఎవరు, ఎప్పుడు, ఎంత కోశారో ఒక పుస్తకంలో రాసుకో.

ఇది యజమానులు కూడా చదువుతారు కాబట్టి లెక్క తక్కువ రావడం గురించి రెండు మాటలు. తక్కువొచ్చిందంటే దొంగతనమే అనుకోవడం పెద్ద పొరపాటు. మొన్న ఒక షాపులో ఫ్రాకులు తక్కువొచ్చాయని సెక్షన్ పిల్లల్ని వరసగా నిలబెట్టారు. నేను కొనుగోలు బిల్లుల ఫైలు తీసుకుని కూర్చున్నాను. సరుకు రాత్రిపూట లారీలో వచ్చింది. డజను అని రాసున్న కట్టల్లో కొన్నిట్లో పదే ఉన్నాయి. దించుకున్నవాడు కట్టలు లెక్కపెట్టాడు గానీ లోపల ముక్కలు లెక్కపెట్టలేదు. ఇంకా కొన్నిటికి రెండేళ్ల సైజు చీటీ బదులు నాలుగేళ్ల సైజు చీటీ అంటించారు. కంప్యూటర్‌లో ఒకటి తక్కువ, ఇంకొకటి ఎక్కువ. "ఎక్కువ" వచ్చినదాని గురించి ఎవరూ ఎవర్నీ నిలబెట్టలేదు! కస్టమర్ వెనక్కిచ్చిన బట్ట కంప్యూటర్‌లో ఎక్కించకుండానే ర్యాకులో పెట్టేయడం, చిరిగినదాన్ని రాసుకోకుండా మూలన పడేయడం, ఇవన్నీ కలిశాక దొంగ వాటా ఎంతో అప్పుడు తేలుతుంది.

దొంగ లేడని కాదు. లోపలి దొంగ కూడా ఉంటాడు. బిల్లింగ్‌లో కూర్చున్నవాడు తెలిసినవాళ్లు వస్తే మూడు స్కాన్ చేసి నాలుగు సంచిలో వేస్తాడు. ప్యాడ్ మీద మాత్రం నాలుగూ జరుపుతాడు. గేటు ఎందుకు మోగుతుంది? ఆ నష్టానికి పిల్లల సెక్షన్‌లో నిలబడ్డ అమ్మాయి ఎందుకు కట్టాలి?

నీకు నేను చెప్పేది ఒకటి. ట్రయల్ రూమ్‌లో, ర్యాకుల సందుల్లో విడిగా పడున్న ట్యాగు గానీ, చింపిన స్టిక్కరు గానీ దొరికితే పారేయకు. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ దొరికిందో రాసి ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ చేత సంతకం పెట్టించు. నిజంగా బయటి దొంగతనమే అయితే ఆ ట్యాగులే చెబుతాయి. కెమెరాలో ఏ గంట చూడాలో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆర్ఎఫ్ఐడీ ట్యాగు ఉన్న వస్తువును దొంగ ఇంటిదాకా ట్రాక్ చేయొచ్చని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? అసలు ఈ ట్యాగుల ఆలోచన ఎవరిది?
– ఒక విద్యార్థి

జవాబు: మీ ఫ్రెండ్‌ని బండెక్కించుకుని ఈతకోట టోల్‌ప్లాజా దాకా తీసుకెళ్లు బాబూ. కారు అద్దం మీద ఫాస్టాగ్ ఉంటుందే, అది ఆర్ఎఫ్ఐడీయే. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ దగ్గర తప్పనిసరి చేశారు కదా. అందులో బ్యాటరీ లేదు. టోల్‌గేటు మీదున్న రీడరు పంపే తరంగాల నుంచే శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. గేటు దాటాక ఆ కారు రావులపాలెం వెళ్లిందో, రాజమండ్రి వెళ్లిందో ఆ స్టిక్కరుకు తెలియదు, మరో రీడరు కింద నుంచి వెళ్లేదాకా ఎవరికీ ఏమీ చెప్పడం దానివల్ల కాదు. షాపు ట్యాగూ అంతే. కొన్ని మీటర్ల దూరం దాటితే మూగది. ఇంటిదాకా వెంటాడాలంటే జీపీఎస్, సిమ్, బ్యాటరీ ఉన్న పరికరం కావాలి. ఐదు వందల చొక్కాకు అది ఎవరు కుడతారు?

మరి దేనికి మంచిది? లెక్కకు. సబ్బు మీదున్న 890తో మొదలయ్యే బార్‌కోడ్ ఆ రకం సబ్బులన్నిటికీ ఒకటే. ఆర్ఎఫ్ఐడీలో ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు. చేతిలో రీడరు పట్టుకుని ర్యాకు పక్కన నడిస్తే, బట్టలు విప్పకుండానే ఏది ఉందో ఏది లేదో నిమిషాల్లో తేలిపోతుంది. మామూలు గేటు "ఏదో పోయింది" అంటే, ఇది "ఫలానా మెరూన్ చొక్కా, 40 సైజు, బిల్లు కాకుండా 7.20కి వెళ్లింది" అంటుంది. స్టాకు లెక్కపెట్టే మనిషిగా నాకు అసలు ఆనందం అక్కడే. నూనె సీసాలు, నీళ్ల సీసాలు, రేకు డబ్బాల దగ్గర మాత్రం ఇది తడబడుతుంది. నీరు తరంగాన్ని మింగేస్తుంది, లోహం వెనక్కి కొడుతుంది.

ప్రాజెక్టు కోసం ఆన్‌లైన్‌లో చౌకగా రీడరు కొనేటట్టయితే బ్యాండు చూసి కొను. మన దేశంలో దీనికి అనుమతించింది 865 మెగాహెర్ట్జ్ దగ్గర. అమెరికా వాళ్ల 902 నుంచి 928 బ్యాండుకు పెట్టిన రీడరు ఇక్కడ వాడకూడదు.

ఆలోచన సంగతి. 1960లలో అమెరికా ఓహియో రాష్ట్రంలోని ఆక్రన్‌లో రొనాల్డ్ అసాఫ్ అని ఒక క్రోగర్ సూపర్‌మార్కెట్ మేనేజరు ఉండేవాడు. ఒకడు వైన్ సీసాలు ఎత్తుకుని పారిపోతుంటే వెంటపడి పట్టుకోలేకపోయాడు. ఆ కసితో బంధువు ఒకాయనతో కలిసి ట్యాగులు తయారుచేయించి సెన్సర్‌మాటిక్ కంపెనీ పెట్టాడు. ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో ఆర్థర్ మినాసీ కూడా ఇదే పని మీద ఉన్నాడు.

ప్రశ్న: మా అత్తగారికి పేస్‌మేకర్ వేశారు. ఈ గేట్ల మధ్య నుంచి వెళ్లొచ్చా?
– రాజోలు నుంచి ఒక కోడలు

జవాబు: వెళ్లొచ్చు. మామూలు నడకతో ఆగకుండా దాటేయాలి. గేటుకు ఆనుకుని నిలబడకూడదు, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోకూడదు. మీరు బిల్లు కట్టేదాకా ఆవిణ్ని షాపు మధ్యలో కూర్చోబెట్టండి. గేటు దగ్గర ఎప్పుడైనా కళ్లు తిరిగినట్టుంటే వెంటనే పక్కకు తీసుకొచ్చేసి, తర్వాత డాక్టరు గారికి చెప్పండి. షాపువాళ్లకో మాట. ముసలివాళ్ల కోసం వేసే ఆ ప్లాస్టిక్ కుర్చీ గేటు పక్కనుంటే ఇవాళే జరపండి.

ప్రశ్న: తణుకులో మా కిరాణా కొట్టును ఈమధ్యే సెల్ఫ్ సర్వీస్‌గా మార్చాం. గేటు పెట్టమని ఒక ఏజెంటు రోజూ వస్తున్నాడు. ఇన్సూరెన్స్ ఉంది కదా, అవసరమా అని మా నాన్నగారు అంటున్నారు.
– ఒక యువ వ్యాపారి, తణుకు

జవాబు: నాన్నగారి చేత ఆ పాలసీ ఒకసారి చదివించండి. తాళం పగలగొట్టి దూరితే వచ్చే డబ్బు, పగలు కస్టమర్ జేబులో వేసుకుపోయినదానికి సాధారణంగా రాదు. ఇంకో దెబ్బ కూడా ఉంది. దొంగిలించిన సరుకు మీద మీరు తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు దొరికే తగ్గింపు) వెనక్కి కట్టాలి, చట్టంలో 17(5)(హెచ్) అదే చెబుతుంది. అంటే సరుకూ పోయి, పన్నూ పడుతుంది. మీ ఆడిటర్‌ని అడిగి లెక్క రాయించుకోండి.

అయినా గేటు ఇప్పుడే వద్దు. కిరాణాలో పోయేవి కొన్నే ఉంటాయి. జీడిపప్పు ప్యాకెట్లు, ఫేస్‌క్రీములు, రేజర్ బ్లేడ్లు, పిల్లల పాలపొడి, చిన్న నెయ్యి సీసాలు, చాక్లెట్లు. వీటిని మీ కౌంటర్‌కు ఎదురుగా, మీ కంటి ఎత్తులో పెట్టండి. వారానికోసారి వీటినే, కొట్టు మొత్తం కాదు, లెక్కపెట్టండి. మూడు నెలలు అలా చేశాక ఏడాదికి ఎంత పోతోందో అంచనా తెలుస్తుంది. గేటు ఖర్చు దానికంటే ఎక్కువైతే ఏజెంటుకు టీ ఇచ్చి పంపేయండి.

తక్కువైతే బేరానికి కూర్చోండి, గేటు రేటు దగ్గర ఆగకండి. ఏఎమ్మా, ఆర్ఎఫ్ఫా? మీ గుమ్మం వెడల్పుకు ఒక జత సరిపోతుందా? రేకు డబ్బాల మీద, నెయ్యి సీసాల మీద స్టిక్కరు పనిచేస్తుందో లేదో మీ కొట్లోనే, మీ సరుకు మీదే చూపించమనండి. రిపేరు వస్తే మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, విజయవాడ నుంచా, హైదరాబాద్ నుంచా? అన్నిటికంటే ముఖ్యం స్టిక్కరు ధర. గేటు ఒక్కసారే కొంటారు, స్టిక్కర్లు జీవితాంతం కొంటారు. గేటు చౌకగా ఇచ్చి స్టిక్కర్ల మీద రాబట్టుకునేవాళ్లు ఉన్నారు. మూడేళ్ల దాకా స్టిక్కరు రేటు ఎంతో, వేరేచోట కొన్న స్టిక్కర్లు ఆ గేటుకు పనిచేస్తాయో లేదో కొటేషన్ మీదే రాయించి, కింద సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.